ఇంకొకరికి చోటుంచండి!

‘పైథాన్ నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదంటావు. ప్రసంగాలన్నీ తర్వాత యూట్యూబ్‌లో ఉచితంగా పెడతారంటావు. మరి టికెట్ కొనుక్కుని, రాత్రంతా బస్సులో కూర్చుని అంతదూరం వెళ్లడం దేనికి?’... ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో నాన్నలకు వచ్చే సందేహమే ఇది. సబబైన సందేహమే. దానికి జవాబు కావాలంటే ముందు ఈ పైథాన్ కథ తెలియాలి.

పైథాన్ అంటే ఇక్కడ కొండచిలువ కాదు. కంప్యూటర్‌కు పనులు పురమాయించే భాష. గిడో వాన్ రోసమ్ అనే డచ్ ప్రోగ్రామర్ 1989 క్రిస్మస్ సెలవుల్లో ఊసుపోక మొదలుపెట్టారు. పేరు కూడా ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ అనే బ్రిటిష్ హాస్య కార్యక్రమం నుంచి తీసుకున్నదే. 1991లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. అప్పటి నుంచి ప్రపంచం నలుమూలలా ఉన్న ఔత్సాహికులు తప్పులు దిద్దుతూ, కొత్త హంగులు చేరుస్తూ దాన్ని పెంచుకొస్తున్నారు. వాళ్లలో చాలామంది చేసేది జీతంలేని కొలువే!

ఊరందరిదీ అయిన చెరువుకు పూడిక తీయాలంటే ఊరంతా ఒకచోట చేరాలి కదా. ఇదీ అంతే. 1994 నవంబరులో అమెరికాలోని మేరీల్యాండ్‌లో తొలిసారి కలిసినప్పుడు వచ్చింది ఇరవై మంది. 2003లో వాషింగ్టన్‌లో అది ‘పైకాన్’ అనే పేరుతో పెద్ద సభ అయింది. మనదేశంలో తొలి ‘పైకాన్ ఇండియా’ 2009లో బెంగళూరులో జరిగింది. 2018లోనూ, 2023లోనూ హైదరాబాద్ వంతు వచ్చింది. రెండోసారి వేదిక మన జేఎన్‌టీయూనే.

ఇంతకీ అక్కడ ఏం జరుగుతుంది? ఒకేసారి వేర్వేరు హాళ్లలో ప్రసంగాలు ఉంటాయి. ‘మెరుపు ప్రసంగాలు’ మరీ సరదా. ఎవరైనా పేరిచ్చి వేదికెక్కొచ్చు. ఉండేది అయిదే నిమిషాలు. సమయం అయిపోయిందా... చప్పట్లు కొట్టి దించేస్తారు! పేరున్న నిపుణుడికైనా, బీటెక్ కుర్రాడికైనా అవే అయిదు నిమిషాలు. ‘స్ప్రింట్లు’ అని ఇంకోటి. భాషను తీర్చిదిద్దేవాళ్ల పక్కనే కూర్చుని పనిచేయొచ్చు. వివరణ పత్రంలో ఒక అక్షరదోషం దిద్దినా చాలు, అదీ సేవే.

అయితే తలపండిన వాళ్లు చెప్పేది వేరు. అసలు సభ హాల్లో కాదు, వరండాలో జరుగుతుందట! టీ కప్పు పట్టుకుని నిలబడిన చోటే ఒకరి చిక్కుముడిని మరొకరు విప్పుతారు. ఉద్యోగాల సంగతులూ అక్కడే తెలుస్తాయి. కరోనా వల్ల 2020, 2021ల్లో పైకాన్ ఇండియాను ఆన్‌లైన్‌లో జరిపారు. ప్రసంగాలకు లోటు రాలేదు. వరండానే తెరమీదికి రాలేకపోయింది.

చిక్కల్లా ఆ వరండాతోనే. చిన్న ఊరి కాలేజీ నుంచి ఒంటరిగా వచ్చిన అమ్మాయిని ఊహించుకోండి. ఎటు చూసినా గుంపులే. అందరూ గడగడా ఇంగ్లిషులో మాట్లాడుతుంటారు. మనసులో ప్రశ్న ఉంటుంది, నోరు పెగలదు. గోడవారగా ఫోన్ చూసుకుంటూ నిలబడి సాయంత్రానికి బస్సెక్కేస్తుంది. ఆమె రాకపోకల ఖర్చు మాట అలా ఉంచండి, ఆ ప్రశ్న మళ్లీ ఎప్పటికి బయటికొస్తుంది?

దీనికి ఎరిక్ హోల్షర్ అనే ప్రోగ్రామర్ ఓ చిట్కా చెప్పారు. ప్యాక్‌మ్యాన్ ఆటలో పసుపుపచ్చ బొమ్మ గుర్తుందా? గుండ్రటి ముఖం, తెరిచిన నోరు. నలుగురు కలిసి మాట్లాడేటప్పుడు అచ్చం అలా నిలబడాలి. వలయాన్ని పూర్తిగా మూసేయకుండా ఒక మనిషి పట్టేంత ఖాళీ వదలాలి. ఎవరైనా వచ్చి నిలబడితే అందరూ కాస్త జరిగి మళ్లీ ఖాళీ చేయాలి. అంతే! పైసా ఖర్చులేని మర్యాద. మన పెళ్లి పందిళ్లలోనూ పనికొస్తుంది.

చోటివ్వడం ఆ భాష పుట్టించినవారికీ తెలుసు. 2018 జులైలో గిడో తుది నిర్ణయాల బాధ్యత నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాతి ఏడాది నుంచి ఎన్నికైన అయిదుగురి మండలి ఆ పని చూస్తోంది.

కాబట్టి మీ అమ్మాయో, అబ్బాయో అడిగితే వెళ్లనివ్వండి. డబ్బుకు ఇబ్బందైతే ఆర్థిక సాయానికి ముందే దరఖాస్తు చేసుకోమనండి, పైకాన్ ఇండియాలో ఆ ఏర్పాటుంది. బయల్దేరేముందు ఒకే ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకోమనండి. తెలుగులో రాసుకున్నా సరే. తిరిగొచ్చాక మాత్రం ‘ఏం నేర్చుకున్నావ్?’ అని నిలదీయకండి. ‘ఎవరిని కలిశావ్?’ అని అడగండి.