మారిన అంటున్నడు, రానియ్యాల్నా?



కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లెలో గృహప్రార్థన ముగిసిన తరువాత ఒక తల్లి మమ్మును ప్రక్కకు పిలిచినది. "అయ్యగారూ, చిన్నపిల్లను పాడుచేసి జైలుకు పోయినోడు ఊర్లకు వచ్చిండు. జైల్ల కౌన్సెలింగు ఇచ్చిన్రట, మారిన అంటున్నడు. చర్చికి రానియ్యాల్నా? నాకు ఇద్దరు ఆడపిల్లలున్నరు" అని అడిగినది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి.

2019లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఎల్లాపటార్ దగ్గర జరిగిన ఘోరము, 2020 జనవరి 30న ఆదిలాబాద్ కోర్టు ముగ్గురికి మరణశిక్ష విధించుట మనకందరికి తెలిసినవే. కాని ఇట్టి నేరములలో ఎక్కువమందికి శిక్ష ఒకనాడు ముగియును. వారు ఊరికే తిరిగి వత్తురు.

మనస్సునకు చికిత్స చేసినచో వారు మారుదురా? 2015లో ష్ముకర్, లోజెల్ అను పరిశోధకులు అనేక అధ్యయనములను కలిపి చూచిరి. చికిత్స పొందినవారిలో నూటికి సుమారు 10 మంది, పొందనివారిలో సుమారు 14 మంది తిరిగి అట్టి నేరమే చేసిరి. అయితే ఇంగ్లాండు, వేల్సు జైళ్ళలో ఏండ్ల తరబడి నడిచిన కార్యక్రమమును పరీక్షించగా, పొందినవారిలో 10 మంది, పొందనివారిలో 8 మంది తిరిగి నేరము చేసినట్లు 2017లో తేలినది. దానిని ఆపివేసిరి. కాబట్టి చికిత్స కొందరికి మేలు చేయును గాని, కౌన్సెలింగు పొందినంత మాత్రమున మారినట్లు కాదు.

1994లో కెనడాలోని హామిల్టన్‌లో ఇట్టివాడొకడు విడుదల కాగా ఊరంతా భయపడినది. హ్యారీ నై అను మెన్నొనైట్ పాస్టరు కొందరు విశ్వాసులను అతని చుట్టు చేర్చెను. వారు అతనితో స్నేహము చేసిరి. ఎక్కడికి పోయితివి, ఎవరిని కలిసితివి అని అడుగుచునే యుండిరి. ఇట్టి బృందములు ఇతర దేశములకును వ్యాపించెను. అమెరికాలోని మిన్నెసోటాలో ఇట్టి తోడున్నవారు తిరిగి అరెస్టగుట బాగా తగ్గినదని 2018లో వెలువడిన అధ్యయనము తెలిపెను.

జక్కయ్య మారితినని ఊరకుండలేదు, అన్యాయముగా తీసికొన్నది నాలుగంతలు తిరిగి ఇచ్చుటకు ఒప్పుకొనెను. నిజముగా మారినవాడు కాపలాకు కోపగించుకొనడు.

మేము ఆ తల్లికి చెప్పినది ఇది: అమ్మా, అతడు పెద్దల ఆరాధనకు రావచ్చును, ఇరువైపుల ఇద్దరు పెద్దలు కూర్చుండవలెను. సండేస్కూలుకు గాని, పిల్లలున్న ఇండ్లకు గాని రాకూడదు. గాయపడిన బిడ్డ కుటుంబము మన సంఘములోనే ఉన్నచో అతడే వేరొక చోటికి పోవలెను. మరల ఏదైన జరిగినట్లు తెలిసినచో పంచాయితీ చేయకుడి. 2012 పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలుపవలెను. పిల్లల సహాయమునకు 1098 నంబరు ఉన్నది.

ప్రియులారా, అతని కొరకు ప్రార్థించుడి. అంతకంటె ముందు ఆ బిడ్డ ఇంటికి పోయి, ఎట్లున్నదో అడిగి రండి.