దగ్గొస్తేనే గుర్తొస్తుందా?

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలా వంటింటి కిటికీల్లో, ఖాళీ అయిన పెరుగు డబ్బాలోనో పగిలిన ప్లాస్టిక్ మగ్గులోనో ఒక మొక్క ఉంటుంది. మందపాటి ఆకులు, అంచున గుండ్రటి పళ్లు, వేలితో రాస్తే మెత్తటి నూగు. వామాకు. ఏమిటండీ అది అని ఇంటావిడను అడిగితే "ఏదో, పక్కింటావిడ కొమ్మ విరిచి ఇచ్చింది, పిల్లలకు దగ్గొస్తే పనికొస్తుందని" అంటారు. దాని పరువంతా అంతే.

అదే కిటికీలోకి ఈమధ్య ఇంకో కుండీ వచ్చి చేరుతోంది. తెల్లటి పింగాణీ, కింద పళ్లెం, పక్కన పేరు చీటీ. ఆన్‌లైన్‌లో తెప్పించిన రోజ్‌మేరీ. వచ్చినవాళ్లందరికీ దాన్నే చూపిస్తారు. పాపం, దాన్ని తప్పుపట్టను. మధ్యధరా తీరంలో పొడిగాలికీ రాతినేలకీ అలవాటుపడ్డ మొక్క అది. మన వానాకాలపు ఉక్కలో, రోజూ నీళ్లు పోసి తడారనివ్వని మట్టిలో వేర్లు కుళ్లి, కొసల నుంచి గోధుమరంగుకు తిరుగుతుంది. అది పోగానే ఇంకోటి తెప్పిస్తారు. పక్కనే ఉన్న వామాకు మాత్రం నాలుగు రోజులు నీళ్లు పోయకపోయినా నోరెత్తదు. నోరెత్తనివాళ్ల సంగతి మన ఇళ్లల్లో ఎప్పుడూ ఇంతే.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేవి పిజ్జాతో వచ్చే ఒరెగానో పొట్లాలు. వాటిని పారేయబుద్ధి కాక రబ్బరుబ్యాండు చుట్టి ఫ్రిజ్ తలుపు అరలో దాస్తారు. ఆమ్లెట్ మీద చల్లుతారు, బ్రెడ్డు మీద చల్లుతారు. ఆ ఎండుపొడికి ఘాటునిచ్చే పదార్థం పేరు కార్వాక్రాల్. వామాకు నూనెలోనూ అదే ఉంది, దానికి తోడు థైమాల్ ఉంది. వాము గింజకు ఆ వాసన వచ్చేది కూడా థైమాల్ వల్లే. నిజానికి వాముకూ వామాకుకూ చుట్టరికం లేదు. వాము ధనియాల, జీలకర్రల కుటుంబం. వామాకు తులసి, పుదీనాల కుటుంబం. కర్నూలు మార్కెట్ యార్డులో వాము గింజకు ధర పలుకుతుంది. ఈ ఆకుకు మాత్రం మన మార్కెట్లలో రేటు వినపడదు. కూరగాయలతో కొసరుగా కరివేపాకు రెబ్బ వస్తుంది, కొత్తిమీర కట్ట వస్తుంది. వామాకు ఆ కొసరుకు కూడా నోచుకోలేదు.

దానికి కారణం లేకపోలేదు. ఈ ఆకు నిండా నీరే. కాడ పుటుక్కున విరుగుతుంది, కట్టకట్టి బస్తాలో వేస్తే నలిగి నల్లబడుతుంది. లారీలో ప్రయాణం దీనివల్ల కాదు. కోసింది కోసినట్టే మూకుడు దగ్గరికి రావాలి. అంటే ఇంట్లో పెంచుకుంటే తప్ప దొరకని ఆకు ఇది. ఇంట్లో పెంచుకోవడానికి ఇంతకంటే సిఫార్సు ఏం కావాలి? అంగట్లో అడుగడుగునా దొరికే కొత్తిమీరకు బాల్కనీలో గ్రో బ్యాగులు కొంటారు గానీ, దీనికి పెరుగు డబ్బా చాలట!

అలాగని ఇదేం అనామక మొక్క కాదు. 1790లో లురేరో అనే పోర్చుగీసు మతప్రచారకుడు దీన్ని శాస్త్రగ్రంథానికెక్కించి, ఇండోనేషియాలోని అంబోన్ దీవి పేరు మీద కోలియస్ అంబోయినికస్ అన్నాడు. ట్రినిడాడ్‌లో చేపకూ మాంసానికీ పట్టించే పచ్చి మసాలాలో ఇది పడుతుంది. ప్యూర్టోరికోలో చిక్కుడు గింజల వంటల్లో పడుతుంది. అంత దూరం ఎందుకు, పక్కనున్న కన్నడంవాళ్లు దొడ్డపత్రె అని పిలిచి, ఆకుల్ని నేతిలో జీలకర్ర, మిరియాలతో వేయించి, కొబ్బరితో రుబ్బి మజ్జిగలో కలిపి తంబుళి చేసుకుంటారు. వాళ్ల భోజనంలో దీనికో స్థానం ఉంది. మనం మాత్రం చాలావరకు కషాయం గిన్నె దాటనివ్వం. దగ్గు తగ్గిస్తుందో లేదో వైద్యులు చెప్పాలి. రుచి సంగతి నేను చెప్పగలను.

పచ్చి ఆకు నమిలి "అబ్బో, నాలుక మండింది" అని వదిలేసేవాళ్లే ఎక్కువ. పచ్చిగా ఘాటే మరి. దానికి వేడి తగలాలి. బజ్జీకైతే అరచేతిలో సగమంత ఆకును తొడిమతో సహా కోసి, కడిగి, గుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి. తడి ఉంటే నూనె చిటపటలాడి మీదకు చిందుతుంది. శనగపిండిలో వాము వేయకండి, ఆకే చాలు. పిండి కాస్త పలచగా ఉండాలి. తొడిమ పట్టుకుని ముంచి, బాగా కాగిన నూనెలో వదిలితే పైన కరకర, లోపల ఆకు మెత్తబడి, ఘాటు తగ్గి పరిమళం మిగులుతుంది. ఇక పచ్చడికి ఎండుమిర్చి, మినప్పప్పు వేయించి తీసి, అదే నూనెలో ఆకు వేస్తే గిన్నెడు ఆకు చూస్తుండగానే గుప్పెడవుతుంది. రంగు పాచిలా మారగానే దించి, చింతపండు, ఉప్పుతో నూరాలి. వేడన్నంలో ఒక రకం, పెరుగులో కలిపితే ఇంకో రకం.

పెంచడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అదే దీని గొప్ప. జానెడు కొమ్మ విరిచి, కింది ఆకులు తుంచి, ఎర్రమట్టి, ఇసుక, కాస్త పశువుల ఎరువు కలిపిన కుండీలో గుచ్చితే పట్టుకుంటుంది. కుండీకి చిల్లు ఉండాలి. మట్టి పైభాగం ఆరాకే నీళ్లు. పొద్దుటి ఎండ పడే తూర్పు కిటికీ అయితే మంచిది. వెలుతురు చాలకపోతే కాడలు సాగి ఆకులు చిన్నవవుతాయి. కొసలు తుంచుతూ ఉంటే పక్కకొమ్మలు వేసి గుబురుగా పెరుగుతుంది. మనం వండకపోతే తుంచం, తుంచకపోతే అది బక్కచిక్కి వేలాడుతుంది, వేలాడితే "ఇదేం మొక్క" అంటాం. అమెరికాలో చలి ముదిరే చోట్ల ఉండే మనవాళ్లు దీన్ని ఇంట్లోకి తెచ్చుకుంటారు, మంచు దెబ్బకు బతకదు గనుక. ఇక్కడ ఆ బాధ కూడా లేదు.

నర్సరీవాళ్లను అడిగేది ఒకటే. దీన్ని ఔషధ మొక్కల వరుసలోంచి తీసి పుదీనా పక్కన పెట్టండి, ఒక ధర కూడా రాయండి. వంటల కార్యక్రమాలు చేసేవాళ్లు ఒక్కసారి పాస్తాలోనో చేపల వేపుడులోనో నాలుగాకులు తరిగి వేసి చూడండి. ఇక ఇల్లాళ్లకూ, వండే మగవాళ్లకూ నా విన్నపం: చుట్టాలొచ్చినప్పుడు బజ్జీలు వేసి పెట్టండి. ఇదేమిటని అడిగితే దగ్గుకు మంచిదని మాత్రం చెప్పకండి. బాగుంటుందని చేశాం, ఇంకో రెండు వేసుకోండి అనండి.