మూట ఎత్తే ముందు కాసేపు నిలబడండి

సంక్రాంతి దాటితే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో మిరప కోతలు జోరందుకుంటాయి. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. పొద్దున వంచిన నడుం మధ్యాహ్నం అన్నం క్యారియర్ విప్పేదాకా ఎత్తరు. పత్తి తీతలో మొక్క కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి కొంత నయం. మిరప అలా కాదు, కాయలన్నీ కిందికి వేలాడుతుంటాయి.

అయితే అసలు ప్రమాదం కోతలో కన్నా, కోసిన కాయల గోతాన్ని కల్లానికి మోయడానికి ఎత్తేటప్పుడే ఎక్కువ. వెన్నుపూసలను పట్టి ఉంచే లిగమెంట్లు గంటల తరబడి వంగితే పాత రబ్బరు బ్యాండులా సాగిపోతాయి. తిరిగి బిగియడానికి వాటికి సమయం కావాలి. 20 నిమిషాలు బాగా ముందుకు వంగి ఉన్నవారిని పరీక్షిస్తే, 2 నిమిషాల విశ్రాంతి తర్వాత పోయిన బిగువులో సగమే తిరిగొచ్చింది. అరగంటకీ కొంత వదులు మిగిలే ఉంది. 20 నిమిషాలకే ఇలాగైతే, పూటంతా వంగినవారి మాటేమిటి?

అందుకే పని చివర ముందుకు వంగి కాలివేళ్లు అందుకోవడం మంచిది కాదు. సాగినదాన్నే ఇంకా సాగదీసినట్టవుతుంది. నిటారుగా నిలబడి, అరచేతులు నడుం మీద ఆనించి, మెల్లగా వెనక్కి వంగండి. నాలుగైదుసార్లు చాలు, కుదుపులొద్దు. అరగంటకోసారి, లేదంటే కనీసం సాలు చివరికి వచ్చినప్పుడల్లా చేయండి. మూట ఎత్తబోయే ముందు కొన్ని నిమిషాలు అటూ ఇటూ నడవండి. ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, మూటను ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. నడుం మెలితిప్పకూడదు. ఇద్దరు పడితే మరీ మంచిది.

కిలోల లెక్కన కూలి ఇస్తుంటే మధ్యలో ఎవరు ఆగుతారంటారా? నిజమే. ఆ నిమిషం ఆగమని చెప్పాల్సింది రైతూ, మేస్త్రీనే.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే ముఠా కూలీల సంగతి కొంచెం వేరు. పొద్దున్నే ఒళ్లు విరుచుకుని నేరుగా బరువెత్తడం కాదు, పది నిమిషాలు నడిచి ఒళ్లు వెచ్చబడ్డాకే మొదలుపెట్టాలి. ఆస్ట్రేలియా సైన్యంలో 1,538 మంది కొత్త సిపాయిలపై జరిపి, 2000లో ప్రచురించిన పరిశోధనలో, కసరత్తుకు ముందు కాళ్ల కండరాలు సాగదీసినవారికీ, తీయనివారికీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సాగదీస్తే కీళ్లు బాగా వంగే మాట నిజమే. దెబ్బ తగలకుండా అదొక్కటే కాపాడుతుందనుకోవద్దు.

నొప్పి కాలిలోకి దిగినా, పాదం తిమ్మిరెక్కినా డాక్టరుకు చూపించండి. మూత్రం పట్టు తప్పితే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.