ఓడిన వీరుడు

ఆంగ్లమున ‘ఎపిక్ ఫాంటసీ’ అనబడు అద్భుత మహాగాథలపై విమర్శకులు తరచు మోపు నేరమొకటి కలదు. వానిలో మంచివారు మంచివారుగానే పుట్టుదురు. చెడ్డవారు చెడ్డవారుగానే చత్తురు. నడుమ ఊగిసలాడు మానవుడు కానరాడు. కనుక అవి బాలుర కాలక్షేపమునకే గాని పెద్దల పఠనమునకు తగవని ఆ నేరారోపణ. జె. ఆర్. ఆర్. టోల్కీన్ రచించిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడగా, అమెరికా విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1956లో దానిని బాలసాహిత్యమని త్రోసివైచెను. నలువది ఏండ్ల పిమ్మట, 1996లో, జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలల వరుస మొదలైన నాటినుండి, ఏ పాత్రయు పూర్తిగా నమ్మదగినది కాకుండుటయే సాహిత్య పరిణతికి గుర్తు అను భావము మరింత బలపడినది.

విల్సన్ ఆ గ్రంథమంతయు తన చిన్న కుమార్తెకు బిగ్గరగా చదివి వినిపించినవాడే. చదువక దూషించెనని ఆయనను అనరాదు. అయినను ఆ కథలో నీతి ఎచ్చట నిలిచియున్నదో అచ్చట ఆయన ఆగలేదు. అది యుద్ధరంగములందు లేదు. ఒక కొండగుహలోను, ఒక నిప్పుల అంచునను ఉన్నది.

కథ తెలియనివారికి నాలుగు మాటలు చాలును. సౌరాన్ అను దుష్టుడు తన బలములో అధికభాగమును ఒక ఉంగరములో నిలిపెను. దానిని ధరించినవాడు క్రమముగా దానికే బానిస యగును. మంచిపనికి వాడుదమని తీసికొనినవానిని సైతము అది చెరచును. అది నశింపవలెనన్న పుట్టిన అగ్నిపర్వతములోనే పడవలెను. ఈ కార్యభారము రాజులపై గాని మాంత్రికులపై గాని పడలేదు. మనిషిలో సగమెత్తుండు హాబిట్ జాతివాడు, పల్లెటూరివాడు ఫ్రోడోపై పడినది. అతడు తన తోటమాలి శామ్‌తో కూడి, ఆకలిదప్పులకు సొక్కి, కడకు నేలపై ప్రాకుచు ఆ కొండ నెక్కెను. నిప్పుల అంచున నిలిచి, పడవేయనని చెప్పెను. ఉంగరము తనదేయని చాటి వ్రేలికి తొడిగికొనెను.

‘ఫ్రోడో ఉంగరమును అగ్నిలో పడవేసి లోకమును రక్షించెను’ అని ఏ విద్యార్థియైనను వ్రాసినచో ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో గీత గీయవలసినదే. వెన్నంటి వచ్చిన గొల్లమ్ అను దీనుడు ఫ్రోడో వ్రేలిని ఉంగరముతో సహా కొరికి లాగికొని, ఆనందముతో గంతులు వేయుచు, కాలుజారి అగ్నిలో పడెను. లోకము దక్కినది, నాయకుని సంకల్పముచేత దక్కలేదు. 2003లో వచ్చిన చలనచిత్రము ఈ ఘట్టమును ఉన్నదున్నట్లు చూపుటకు సాహసింపలేదు. అందు ఫ్రోడో మరల గొల్లమ్‌తో పెనగులాడగా ఇరువురును అంచునుండి తూలిపోవుదురు. నాయకుడు చేతులు ముడిచికొని ఉండరాదని తీసినవారికి తోచినది కాబోలు! ఆ చిన్న మార్పుతో కథలోని నీతి సగము జారిపోయినది.

అలంకారశాస్త్రము చదివిన తెలుగు పాఠకునకు ఇచ్చట ఒక చిక్కు కలుగును. నాయకుడనగా కథాఫలమును పొందువాడని శాస్త్రము. ధీరోదాత్తుడు మొదలుగా లెక్కించిన నలువురిలో, ఫలము చేతికందు వేళ ఓడిపోవువానికి చోటెక్కడ? కాని ఆ శాస్త్రమే వీరరసమును యుద్ధమునకు పరిమితము చేయలేదు. దానవీరము, ధర్మవీరము, దయావీరము అని మరి మూడు విధములను చెప్పినది. పాముకు మారుగా తన దేహమును గరుడున కర్పించిన ‘నాగానంద’ నాయకుడు జీమూతవాహనుడు దయావీరమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము. టోల్కీన్ ఈ విభాగమును మనసున నుంచుకొని వ్రాసెనని చెప్పనక్కరలేదు. అయినను దయావీరమను మాట తోడున్న పాఠకునకు ఆయన కథలోని మర్మము సులభముగా తెలియును.

గొల్లమ్ ఆ అంచుకడ సజీవుడై యుండుటకు కారణమేమి? ఫ్రోడోను పెంచిన బిల్బో, అనేక సంవత్సరములకు పూర్వము, చీకటి గుహలో అదృశ్యుడై, కత్తి చేతబట్టి, గొల్లమ్ వెనుక నిలిచినప్పుడు చంపక విడిచిపెట్టెను. దిక్కులేని ఆ బ్రతుకును తలచికొని అతని గుండె కరగినది. ఇందొక విశేష మున్నది. 1937లో వెలువడిన ‘హాబిట్’ తొలిముద్రణలో ఈ ఘట్టమే లేదు. అందు గొల్లమ్ పందెములో ఓడి, ఉంగరమును బహుమానముగా ఇయ్యదలచి, అది కానరాక క్షమాపణ వేడి, బిల్బోకు దారి చూపును. ఉంగరము యొక్క దుష్టస్వభావము తన మనస్సున రూపుకట్టిన పిదప టోల్కీన్ ఆ అధ్యాయమును తిరిగి వ్రాసి 1947లో ప్రకాశకులకు పంపెను. 1951 ముద్రణలో అది చేరినది. పదునాలుగేండ్ల క్రిందట అచ్చయిన పుస్తకమును దిద్ది, చంపగలిగియు చంపని ఒక్క క్షణమును అందు ప్రవేశపెట్టెను. గ్రంథకర్త దృష్టిలో కథ దేనిపై నిలిచియున్నదో తెలిసికొనుటకు ఇంతకంటె సాక్ష్యము వేరు కావలయునా?

తరువాత ఫ్రోడోయు వానిని కాచెను. చివరకు కొండవాలున, కొంతకాలము ఉంగరమును మోసి దాని బాధ నెరిగిన శామ్ కూడ కత్తి దింపెను. ఈ మువ్వురిలో ఎవడును గొల్లమ్ తమకు ఉపకరించునని దయ చూపలేదు. ఆ దయ ఫలమిచ్చునో, ద్రోహము నిచ్చునో వారెరుగరు. నిజమునకు అది రెండును ఇచ్చినది.

ఇదే గ్రంథములో, కొండమెట్లపై, ఒక చిన్న దృశ్యమున్నది. దానిపై పాఠకుడు ఎంతసేపు నిలిచినను తక్కువే. శత్రువుల యుద్దకు వారిని చేర్చుటకు కుట్రపన్ని తిరిగివచ్చిన గొల్లమ్, నిదురించుచున్న ఫ్రోడోను చూచి మెత్తబడి, వణకుచున్న చేతితో మోకాలిని తాకును. మేలుకొనిన శామ్ దొంగచాటున ఏమి చేయుచున్నావని గద్దించును. ఆ మాటతో వాని కన్నులలో వచ్చిన మార్పు మాయమగును, మరల రాదు. శామ్ దుష్టుడా? గ్రంథమంతటిలో అతనికంటె నమ్మకస్థుడు లేడు. ఆ విశ్వాసమే, ఆ కాపలాబుద్ధియే, ఒక ప్రాణి మారు నవకాశమును చెరచినది. నలుపు తెలుపులు తప్ప వేరు లేవని దూషింపబడిన గ్రంథమిది!

అయినను ఈ గ్రంథమున లోటు లేకపోలేదు. సౌరాన్ సేనలోని ఓర్క్‌లకు ఈ దయ అందలేదు. ఒక యుద్ధానంతరము శత్రుపక్షపు కొండజాతి మనుష్యులు లొంగిపోగా వదలిపెట్టబడిరి. ఓర్క్‌లలో ఒక్కడును మిగులలేదు. అయితే వారిలో ఇరువురు, యుద్ధము ముగిసిన పిదప దొరల పీడ లేని చోటికి పోయి బ్రతుకుదమని మాటలాడుకొనుట శామ్ విన్నట్లు గ్రంథకర్తయే వ్రాసెను. అట్టి కోరిక గలవారు పుట్టుకతోనే పాపులెట్లగుదురు? టోల్కీన్ తన చివరిదినములవరకు ఈ ప్రశ్నతో పెనగులాడి, తృప్తికరమైన సమాధానమును పొందజాలకపోయెను. విమర్శకులు నిలదీయవలసిన చోటు ఇది.

టోల్కీన్‌కు యుద్ధవీరము పుస్తకములలో మాత్రమే చూచినది కాదు. 1916లో సోమ్ యుద్ధమున సైనికాధికారిగా పనిచేసెను. ఆ సంవత్సరముననే బాల్యమిత్రులిరువురు మరణించిరి. ఆక్స్‌ఫర్డులో ప్రాచీనాంగ్ల సాహిత్యమును బోధించిన ఆచార్యుడై, 991లో జరిగిన మాల్డన్ యుద్ధమును గూర్చి 1953లో ప్రకటించిన రచనలో, కీర్తికాంక్షతో శత్రువులను ఏరు దాటనిచ్చి తన మనుష్యుల ప్రాణములను బలిపెట్టిన నాయకుని తప్పుపట్టెను. అట్టివాడే, ఫ్రోడోకు ద్రోహి యని మరణదండన విధింపవలసినదని కోపముతో ఉత్తరము వ్రాసిన పాఠకుడుండగా, ఫ్రోడోను గట్టిగా సమర్థించెను. శక్తికి మించిన బరువు క్రింద, ఉన్న శక్తి నంతయు వెచ్చించి కూలినవాని కూలుపాటు నైతికమైన ఓటమి కాదని, బరువు క్రింద విరిగిన దేహమువంటిదని ఆయన వాదము.

తన పల్లెకు తిరిగివచ్చిన ఫ్రోడో, అచ్చటి దుర్జనులను పారద్రోలిన పోరులో కత్తి దూయలేదు. ఆయుధములు పడవేసినవారిని చంపనీయలేదు. తనను పొడువబోయిన సారుమాన్‌ను సైతము విడువుమనెను. కవచములు తొడిగి గుఱ్ఱములపై తిరిగిన అతని స్నేహితులిరువురికి ఊరిలో గొప్ప పేరు వచ్చినది. తమ ఊరివాడైన ఫ్రోడోను అంతగా పట్టించుకొనినవారు లేరు. శామ్‌కు అది బాధగా నుండెను. మానని గాయములతో ఫ్రోడో రెండేండ్లు గడపి, ఓడ యెక్కి వెడలిపోయెను.