ఇంటికప్పు - గాలి ఋణము

కార్తీకమాసము వచ్చినదనగా కృష్ణా డెల్టా ప్రజలు ఆకసమువంక జూతురు. 1864వ సంవత్సరమున బందరును, 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన యుప్పెనలను ఈ సీమవారు మరువలేదు; మరువరాదు. ఆ దుర్దినములందు వేలాది ప్రాణములను గొన్నది ప్రధానముగా సముద్రజలము. కాని నీరు చేరని యూళ్లలో నిండ్లను గూల్చునది గాలి. ఆ గాలి పనిచేయు తీరును మనవారు సగమే గ్రహించియున్నారని మా యభిప్రాయము.

గాలి యనగా త్రోయునదియే యని లోకము తలచుచున్నది. ఎదుటిగోడను గాలి త్రోయుట నిజమే; దీనిని ధనపీడన మందురు. కాని యా గాలియే గోడ నెక్కి చూరుదాటి కప్పుమీదుగా సాగునపుడు కప్పునంటక విడివడును. అచట పీడనము తగ్గును. అపుడు కప్పు పైకి లాగబడును. ఇది ఋణపీడనము. శిల్పశాస్త్రజ్ఞుల పట్టికలలో ధనచిహ్నమునకు తలమువైపు త్రోయుననియు, ఋణచిహ్నమునకు తలమునుండి వెలికి లాగుననియు అర్థము. ఋణమని చూచి భారము తగ్గినదని సంతసించుట ప్రమాదకరము. తుపానులో రేకులనెగురగొట్టున దీ ఋణమే.

లెక్క చూతము. మన దేశపు ప్రమాణగ్రంథమగు ఐ.యస్. 875, మూడవ భాగమునందు విజయవాడకు మూలవేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. దీనినిబట్టి చదరపు మీటరునకు పీడనము సుమారు 150 కిలోలు. పది డిగ్రీల వాలుగల పొట్టియింటికప్పుపై, గాలి వచ్చువైపున, ఋణగుణకము 1.2. కిటికీలు తెరచుకొని గాలి లోన జొరబడినచో, క్రిందినుండి త్రోపు మరి 0.5 చేరును. మొత్తము 1.7, అనగా చదరపు మీటరునకు 250 కిలోలకు మించిన లాగుడు. ఇనుపరేకు బరువో, ఐదారు కిలోలు! పన్నెండు సెంటీమీటర్ల కాంక్రీటు స్లాబు దాదాపు 300 కిలోలు తూగును గావున తన బరువుచేతనే నిలుచును. రేకు మాత్రము కట్టుచేతనే నిలువవలయును. దానిపై నాలుగు ఇటుకలు, రెండు ఇసుకబస్తాలు పెట్టి ధైర్యము చెప్పుకొనుట ఆత్మవంచన.

వాలు పెరిగినకొలది యీ లాగుడు మారును. ముప్పది డిగ్రీలయొద్ద ఎదుటివాలుపై అది యించుమించు శూన్యమగును. నలువదియైదు డిగ్రీలకు త్రోపుగా మారును. అయినను వెనుకవాలుపై లాగుడు తప్పదు. గుండ్రని గోడలతో, నిట్టవాలుతో, నేలకు వంగిన చూరుతో మన పెద్దలు కట్టుకొనిన చుట్టిల్లు ఈ మర్మమెరిగిన నిర్మాణమువలె దోచును. నేడు విజయవాడలో మేడలపైన, పల్లెలలో పశువుల కొట్టములపైన వేయు రేకులు వాలుతక్కువవి, ప్రక్కలు తెరచినవి. ఇట్టివానికే ముప్పు ఎక్కువ.

కర్తవ్యము కష్టమైనది కాదు. లాగుడు మిక్కుటముగానుండునది చూరులందు, మూలలందు, కొప్పునొద్ద. అచట బోల్టులు దగ్గరదగ్గరగా నుండవలయును. రేకును దూలమునకును, దూలమును గోడపై కాంక్రీటు పట్టీకిని, పట్టీని పునాదికిని ఇనుపకడ్డీలతో బంధింపవలయును. ఈ గొలుసులో ఒక్కలంకె లేకున్నను తక్కినవి వ్యర్థములు. వసారా కప్పును ఇంటికప్పునుండి వేరుగా వేయుట మేలు. అది లేచిపోయినను ఇల్లు మిగులును.

ప్రభుత్వమువారి బాధ్యత యింకను గురుతరమైనది. 2015వ సంవత్సరపు సవరణలో, తూర్పుతీరమున సముద్రమునుండి 60 కిలోమీటర్ల మేర తుపాను గుణకము చేర్పబడినది. పాఠశాలలు, ఆస్పత్రులు, తుపాను ఆశ్రయభవనములకు వేగమును 1.30 రెట్లుగా గణింపవలయును. పీడనము వేగవర్గము ననుసరించును గావున అది 1.69 రెట్లగును. బందరు, అవనిగడ్డ, నాగాయలంక లీ మేరలోనివే. 2014వ సంవత్సరమున హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయపు కప్పునే చెరచినదన్న సంగతి యధికారులు మరువరాదు. పెద్ద కట్టడమునకే యా గతి పట్టినపుడు పల్లెబడి రేకులమాట యేమి? కావున ప్రజాధనముతో కట్టు ప్రతి భవనమునకును కప్పుకట్లను నిచ్చెనవేసి యెక్కి పరీక్షింపనిదే బిల్లు చెల్లింపరాదని మేము కోరుచున్నాము. బోల్టులు, పట్టీలు ఎచట నెట్లుండవలయునో తెలుగున బొమ్మలతో ముద్రించి ప్రతి పంచాయతి కార్యాలయమునందును వ్రేలాడదీయవలయును. మేస్త్రీలకు తెలియని శాస్త్రము గ్రంథములం దెంతయున్నను ఇంటికప్పును కాపాడజాలదు.

అప్పు సంగతి మన రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. పట్టికలోని ఋణచిహ్నమును అతడు తన భాషలోనే చదువుకొనుగాక. కట్టునపుడు బోల్టులు మిగిల్చినవానియొద్దకు గాలి యొకరాత్రి వచ్చును; బాకీని వడ్డీతో వసూలు చేసికొని, కప్పును గొనిపోవును.