విడ్డూరం కాదు, విన్నపం

పగటివేషగాళ్లు ఊళ్లోకి వచ్చారంటే ఒకప్పుడు పిల్లలకు పండుగ. పోలీసు వేషం చూసి ఉలిక్కిపడిన పెద్దరైతు, అది వేషమని తెలిశాక తానే నవ్వుకుని, గింజలు కొలిచి పంపేవాడు. కట్టె తుపాకి భుజాన వేసుకుని కోతలు కోసే పిట్టలదొర దొరతనాన్నే ఎగతాళి చేసేవాడు. ఎదుట నిలబడి అనలేని మాటను వేషం కట్టి అనవచ్చునని పల్లెకు ఎవరూ నేర్పనక్కరలేదు.

పెద్ద నగరాల్లో ఈ కొంటెతనం మరో తీరుగా సాగింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1986లో ‘కాకొఫొనీ సొసైటీ’ అనే బృందం ఏర్పడింది. నడివీధిలో అర్థం పర్థం లేనట్టు కనిపించే పనులు చేయడమే వారి పని. 1994లో పదులకొద్దీ మంది క్రిస్మస్ తాత వేషాలు వేసుకుని ఒక్కసారిగా నగర వీధుల్లో తిరిగారు. వారికది సరదా. నల్లగొండ జిల్లా ప్రజలు మాత్రం ఇలాంటి విడ్డూరమే గుక్కెడు మంచినీళ్ల కోసం చేయవలసి వచ్చింది.

పెద్దవూరకు ఎంతో దూరం లేని నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. అయినా జిల్లాలోని అనేక గ్రామాలు ఆ తర్వాత కూడా దశాబ్దాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లే తాగాయి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదు. మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి, నడుం వంగిపోతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు వచ్చింది గాని, నల్లగొండ పల్లెల గోడు తీరలేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి పిలుపుపై వందలాది మంది నల్లగొండ స్థానానికి నామినేషన్లు వేశారు. చివరకు బరిలో నిలిచిన అభ్యర్థులు 480 మంది! అవి గెలవడానికి వేసిన నామినేషన్లు కావు. 500 రూపాయల డిపాజిట్ తిరిగి రాదని తెలిసే కట్టారు. ఇన్ని పేర్లు, ఇన్ని గుర్తులతో పోలింగు జరపడం అధికారులకు పెద్ద పరీక్ష అయింది. విన్నవారు ముందు నవ్వారు. నవ్విన తర్వాత ‘ఎందుకిలా చేశారు?’ అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న అడిగించడానికే ఈ తతంగమంతా.

ప్రభుత్వం ఇచ్చిన మొదటి జవాబు ఏమిటి? తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలోనూ అదే ఏడాది 1,033 మంది పోటీ చేశారు. ఆ సంవత్సరమే చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 10 వేల రూపాయలకు పెంచారు. స్వతంత్ర అభ్యర్థిని పది మంది ప్రతిపాదించాలని నిబంధన పెట్టారు. ఎన్నికల నిర్వహణలోని కష్టాన్ని కాదనలేము. కాని ఈ దారికి కంచె వేసినంత చురుకుగా ఊళ్లకు నీళ్ల గొట్టాలు వేయలేదన్నది గమనించవలసిన విషయం. మాధవరెడ్డి ఎత్తిపోతల నీళ్లు, ఆపైన మిషన్ భగీరథ కుళాయిలు రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

కంచె వేసినా దారి మూసుకుపోలేదు. 2019లో నిజామాబాద్‌లో పసుపు బోర్డు కోసం, ఎర్రజొన్నకు మద్దతు ధర కోసం 178 మంది రైతులు పోటీకి దిగారు. అప్పటికి డిపాజిట్ 25 వేల రూపాయలు. మొత్తం 185 మంది అభ్యర్థులు కావడంతో ఒక్కో పోలింగు కేంద్రంలో 12 ఓటింగు యంత్రాలు వరుసగా పెట్టవలసి వచ్చింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే ప్రారంభమైంది. ఆ ఒక్క పోటీ వల్లనే బోర్డు వచ్చిందని చెప్పలేకపోయినా, రైతుల మాట ఢిల్లీకి వినిపించిందనడంలో సందేహం లేదు.

నేడు సెల్‌ఫోన్ చేతబట్టిన కొందరు కుర్రవాళ్లు కూడా ‘ప్రాంక్’ పేరిట తమాషాలు చేస్తున్నారు. చీకట్లో ముసలివాళ్లను దడిపించడం, బస్టాండులో ఆడపిల్లలను కంగారుపెట్టడం, దాన్ని వీడియో తీసి పదిమందికీ పంచడం తమాషా అనిపించుకోదు. నీళ్ల కోసం నామినేషన్లు వేసిన ఆ వందలాది మంది తమ పేరు దాచుకోలేదు, ఎవరి డబ్బో పోగొట్టలేదు. బలహీనుణ్ని ఏడిపించలేదు, పెద్దకుర్చీల్లో కూర్చున్నవారిని నిలదీశారు. తేడా అక్కడే ఉంది.

యువకులకు అంత హుషారే ఉంటే తమ ఊళ్లో నీళ్లు రాని కుళాయికి దండ వేసి ఊరేగించవచ్చు. ఎవరికీ నొప్పి కలగదు, అందరికీ విషయం తెలుస్తుంది. అధికారులు కూడా గుంతల రోడ్డులో వరినాట్లు వేసిన ఆడవాళ్ల ఫొటోను పత్రికలో చూసి నవ్వి ఊరుకోరాదు. ఆ గుంత ఎన్నాళ్లుగా ఉందో, దాని గురించి అంతకు ముందు ఎన్ని అర్జీలు వచ్చాయో ఫైలు తెప్పించి చూడాలి. అర్జీకి సకాలంలో జవాబు దొరికితే బురదలో దిగి నాట్లు వేసే అవసరం ఎవరికీ రాదు.