దసరాకి బొట్టు పెడతాం... ఎప్పుడైనా విప్పి చూశామా?

ఏటా దసరాకి మా ఇంటి ముందు కారు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. హారిస్ పార్క్‌లో ఉంటున్నాం కాబట్టి విగ్రమ్ స్ట్రీట్ దాకా నడిస్తే పూజకు కావలసినవన్నీ దొరుకుతాయి. కిందటేడు పూజ అయ్యాక, ఎనిమిదో తరగతి చదివే మావాడు అడిగాడు: "నాన్నా, ఇంజిన్‌కి దండం పెట్టాం కదా. నువ్వెప్పుడైనా ఒకటి విప్పావా?"

నేను ఓరుగల్లులో మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. టూ స్ట్రోక్ ఇంజిన్ పోర్ట్ టైమింగ్ డయాగ్రమ్‌ను పరీక్షలో కళ్లు మూసుకుని గీశాను. మా నాన్న బజాజ్ చేతక్‌లో పెట్రోలు కొట్టించినప్పుడల్లా బంకు కుర్రాడు కొలిచి ఆయిల్ కలపడం చూస్తూ పెరిగాను. కానీ నా చేత్తో ఒక్క ఇంజిన్ కూడా విప్పలేదు. చదువు అవగానే సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత సిడ్నీ. వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ జవాబు పక్కింటి నుంచి వచ్చింది. మన హోటళ్లు, చీరల కొట్లు రాకముందే ఈ పేటలో స్థిరపడ్డ లెబనీస్ కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. ఆ పెద్దాయన ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన బ్యాటరీతో నడిచే కొత్త విప్పర్ స్నిప్పర్ కొనుక్కుని, పాత పెట్రోలుది పారేయబోతుంటే మావాడు అడిగి తెచ్చుకున్నాడు. మన దగ్గర గడ్డి కోసే మెషీన్ అంటామే, అదే. "దీని ఇంజిన్‌తో విమానం ఎగరేయవచ్చు" అన్నారాయన నవ్వుతూ. వేళాకోళం అనుకున్నాను. కాదు. తోట పనిముట్ల ఇంజిన్లను మోడల్ విమానాలకు అమర్చుకునే అభిరుచి చాలా దేశాల్లో ఎన్నో ఏళ్లుగా ఉంది.

ఎందుకు పనికొస్తుందో వింటే ముచ్చటేస్తుంది. విప్పర్ స్నిప్పర్‌ను మనం అటూ ఇటూ వంచి, ఒక్కోసారి తలకిందులు చేసి కూడా వాడతాం. ఎలా తిప్పినా ఆగకుండా ఉండేందుకు దాని కార్బ్యురేటర్‌లో తేలే బంతికి బదులు పల్చటి పొర ఉంటుంది. గాల్లో పల్టీలు కొట్టే విమానానికి కావలసిందీ అదే. నిప్పురవ్వకు బ్యాటరీ అక్కర్లేదు. ఫ్లైవీల్‌లో ఉన్న అయస్కాంతం కాయిల్ పక్కనుంచి పరుగెత్తినప్పుడల్లా స్పార్క్ పుడుతుంది. ఆ రెంటి మధ్య సందు ఒక విజిటింగ్ కార్డు మందం ఉంటే చాలు. మేం నిజంగా కార్డు పెట్టే సరిచేశాం.

మిగతాదంతా తీసివేతలే. తాడు లాగే స్టార్టర్, క్లచ్, ప్లాస్టిక్ తొడుగులు అన్నీ ఊడదీశాం. ఫ్లైవీల్ మీద ఉండే రెక్కలు ఇంజిన్‌ను చల్లబరచడానికి. విమానంలో ఆ పని ప్రొపెల్లర్ గాలి చేస్తుంది కాబట్టి వాటినీ తగ్గించవచ్చు. అయితే అన్ని వైపులా సమానంగా తగ్గించాలి. తూకం తప్పితే వణుకు పుట్టి, పగిలిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ పని మేం చేయలేదు, లేత్ మీద పెద్దాయనే చేయించారు. కొన్ని చౌక ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్‌కు ఒక వైపే ఆధారం ఉంటుంది. రెండు వైపులా బేరింగులు ఉన్నవి ఈ పనికి మేలు. అదృష్టం కొద్దీ మాది రెండో రకం. 25 సీసీ ఇంజిన్. వంటింటి తూకం మీద 2.3 కిలోలు ఉన్నది 1.4 కిలోలకు దిగింది. తూకం తిరిగి వంటింట్లోకి వెళ్లేముందు మా ఆవిడ దాన్ని మూడుసార్లు కడిగించింది.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు మాకు మంచి పాఠమే జరిగింది. బల్లకు బిగించి, మేం వెనకే నిలబడి స్టార్ట్ చేశాం. ఇంజిన్ అందుకుంది. కానీ మా వైపు రావలసిన గాలి రాలేదు, ఎదురుగా ఉన్న ఎండుటాకులు ఎగిరిపోయాయి. ఇంజిన్ ఏ వైపు తిరుగుతుందో చూసుకోకుండా ప్రొపెల్లర్ బిగించేశాం! వ్యతిరేక దిశకు చేసిన ప్రొపెల్లర్ తెచ్చి మార్చాం. తండ్రి తప్పు చేయడం, ఒప్పుకోవడం, సరిచేయడం మూడూ ఒకే మధ్యాహ్నం చూసింది మావాడికి బహుశా అదే మొదటిసారి.

ఇది ఆట వస్తువు కాదనీ చెప్పాలి. 16 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 7,500 సార్లు తిరిగితే దాని కొసలు గంటకు దాదాపు 575 కిలోమీటర్ల వేగంతో వెళతాయి. లెక్క మావాడే కట్టాడు. పక్కనుంచి గానీ ముందు నుంచి గానీ చేయి పెట్టకూడదు. వేలాడే చున్నీలు, హుడీ తాళ్లు దగ్గరికి రాకూడదు. కాయిల్‌ను ఎర్త్ చేసి ఇంజిన్ ఆపే స్విచ్ తప్పనిసరి. పెట్రోలు పైపు కూడా పెట్రోలుకు తట్టుకునేదే ఉండాలి. మిథనాల్ ఇంజిన్లకు వాడే సిలికాన్ పైపు పెట్రోలులో ఉబ్బిపోతుంది. ఎగరేయడం పార్కులో కుదరదు. మోడల్ ఏరోనాటికల్ అసోసియేషన్ ఆఫ్ ఆస్ట్రేలియా అనుబంధ క్లబ్బులో చేరితే మైదానం, శిక్షణ, బీమా దొరుకుతాయి.

"ఇంత తంటా ఎందుకు? రెడీమేడ్ ఇంజిన్ కొనొచ్చు కదా, బ్యాటరీ మోటారు పెట్టొచ్చు కదా?" అని మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మోడల్ విమానాల కోసమే చేసిన పెట్రోలు ఇంజిన్లు బజారులో ఉన్నాయి, బరువు తక్కువ, తలనొప్పీ తక్కువ. బ్యాటరీ మోటారుకు చప్పుడు లేదు, పొగ లేదు. ఎగరేయడమే లక్ష్యమైతే అవే కొనుక్కోవాలి. మేం గడిపిన వారాంతాలకు వెల కడితే మాది చాలా ఖరీదైన ఇంజిన్. కానీ కొన్న వస్తువు పాడైతే షాపుకు ఫోన్ చేస్తాం. విప్పి కట్టుకున్నది ఆగితే ఎందుకు ఆగిందో మనమే ఆలోచిస్తాం. మా పిల్లల్లో నాకు కనిపించిన కొరత ఆ రెండోది. అది నాలోనూ ఉన్న కొరతే.

మనం ఇష్టపడి వచ్చిన ఈ ఊరికి ఈ విషయంలో గొప్ప చరిత్ర ఉంది. మనకు దగ్గర్లోనే ఉన్న కాంకర్డ్‌లో 1952లో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ తన గ్యారేజీలో గడ్డి కోసే యంత్రం తయారుచేశారు. సెలవుల్లో లాన్లు కోసి డబ్బు సంపాదించుకునే కొడుకు కోసం. పెట్రోలు ట్యాంకుగా పీచ్ పండ్ల ఖాళీ డబ్బా వాడారు. అదే విక్టా కంపెనీకి నాంది. అదే విక్టా 1960లలో ఎయిర్‌టూరర్ అనే రెండు సీట్ల అసలు విమానాలు కూడా తయారుచేసింది, ఈ సిడ్నీలోనే. గడ్డి కోసే మెషీన్‌కీ విమానానికీ చుట్టరికం కలిపింది మేమేమీ కాదన్నమాట.

ఇంకా వెనక్కి వెళితే లారెన్స్ హార్‌గ్రేవ్. 1889లో సంపీడన గాలితో నడిచే రోటరీ ఇంజిన్ నమూనా చేశారు. 1894 నవంబరు 12న స్టాన్‌వెల్ పార్క్ తీరాన నాలుగు పెట్టె గాలిపటాలు కట్టుకుని 16 అడుగులు పైకి లేచారు. తను కనిపెట్టినవాటికి పేటెంట్ తీసుకోలేదు, విద్య అందరిదీ అన్నది ఆయన నమ్మకం. పాత 20 డాలర్ల నోటు మీద ఉన్న బొమ్మ ఆయనదే. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజిన్లకు పోసిన కందెన ఏమిటో తెలుసా? ఆముదం! మా నల్లగొండ చెలకల్లో పండే ఆముదం. మిథనాల్‌తో నడిచే మోడల్ ఇంజిన్లలో ఇప్పటికీ కలుపుతారు. ఇది చెప్పినప్పుడు మావాడు నానమ్మకు వీడియో కాల్ చేసి మరీ అడిగాడు, ఇంట్లో ఆముదం ఉందా అని.

నేను ఊహించని లాభం మరొకటి ఉంది. ఆదివారం తెలుగు తరగతిలో ఎన్నేళ్లు కూర్చున్నా వాడి నోట్లోకి రాని మాటలు గ్యారేజీలో వచ్చాయి. బిగించు, వదులు చెయ్యి, పట్టకారు, ఆకురాయి, సందు, అరిగిపోయింది, జారిపోయింది. "నాన్నా, మరీ బిగించకు, మర పోతుంది" అని వాడు నాకే చెప్పిన రోజు, నేను రెంచి పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. భాష పని పక్కన పెరుగుతుందని అప్పుడు అర్థమైంది. మన అమ్మలు వంటింట్లో, మన తాతలు పొలంలో మనకు నేర్పింది అలాగే.

చదువు మానమని నేను అనడం లేదు. మావాడి శనివారం లెక్కల ట్యూషన్ కొనసాగుతూనే ఉంది. కానీ మన ఇళ్లలో ఒక చిన్నచూపు ఉంది. "ఇంత చదివి గ్రీజు చేతులా?" అని ఫోన్‌లో మా బంధువొకరు నవ్వారు. పల్లెలో తైవాన్ స్ప్రేయర్ ఆగిపోతే పొలం గట్టునే విప్పి బాగుచేసే మెకానిక్‌ను మనం ఏనాడూ ఇంజినీర్ అనలేదు. ఏడాదికి ఒక రోజు పనిముట్టుకు దండం పెడతాం, దాన్ని పట్టుకున్న చేతికి మాత్రం తక్కువ కూలీ, తక్కువ మర్యాద. ఈ అలవాటును పాస్‌పోర్ట్‌తో పాటు ఇక్కడికీ తెచ్చుకున్నాం. పిల్లలకు కూడా ఇవ్వాలా?

మన సంఘాలకు నాదొక విన్నపం. దసరా వేడుకల్లో పాటలు, భోజనాలతో పాటు ఒక మూల ఒక బల్ల వేయండి. పెట్రోలు పూర్తిగా తీసేసిన పాత విప్పర్ స్నిప్పర్ ఇంజిన్ ఒకటి, నాలుగు స్పానర్లు, తెలిసిన పెద్దాయన ఒకరు. ఆడపిల్లలనూ మగపిల్లలనూ విప్పనివ్వండి. తిరిగి కట్టలేకపోయినా నష్టం లేదు. పారేసేదే కదా!

మా విమానం ఇంకా సగమే అయింది. రెండు మీటర్ల రెక్కలు గ్యారేజీ గోడకు ఆనించి ఉన్నాయి. ఎగురుతుందో, మొదటి రోజే నేల కూలుతుందో తెలియదు. ఈ దసరాకి మాత్రం మావాడు ఒక షరతు పెట్టాడు. కారుకు బొట్టు పెట్టేముందు బానెట్ ఎత్తాలట, ఆయిల్ ఎంత ఉందో ముందు వాడు చూస్తాడట.